మోడం నడిమికెట్ల పోతాది

సాయంత్రం ఆరూ పదికి చిక్కబళ్ళాపురం బస్సు చింతామణి స్టాండులోకి వచ్చింది. నా భార్య వెనక తలుపు నుంచి దిగింది. భుజాన కాలేజీ సంచి, చేతిలో అనపకాయల సంచి. శిడ్లఘట్టలో బస్సు ఆగితే కిటికీలోంచే కొన్నానంది. చిక్కుడు లాంటి ఆ కాయ పట్టుకుంటే చేతికి జిగట అంటాలి, వాసన రావాలి, అప్పుడే కొనాలని ఆమె పట్టుదల. బండి మీద ఇంటికి వస్తుంటే వెనకనుంచి, "తేదీ ఇచ్చినారు" అంది.

గొంతు ఆపరేషను తేదీ. గొంతులో గడ్డ ఉందని, తీయక తప్పదని, తీసిన తర్వాత మాట ఇప్పటిలాగా ఉండదని బెంగళూరులో డాక్టరు అంతకు ముందే చెప్పాడు. ఎంత మాట మిగులుతుందో మాత్రం చెప్పలేకపోయాడు. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అనపకాయలు చాపమీద పోసుకుంది.

"నాయనకు అంతలోపల చెప్పాల" అంది. "నా గొంతుతోనే చెప్పాల."

ఏమి చెప్పాలో నన్ను అడగనివ్వలేదు. నాకు తెలుసు.

ఆమె చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేది. నేను చింతామణిలో హైస్కూలు మేష్ట్రుని, చరిత్ర చెప్పేవాణ్ణి. పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఆమెకు పరిశోధన చేయాలనిపించింది. ఆదివారాలు, సెలవులు అన్నీ దానికే పోయేవి. వాళ్ళ నాయనది బాగేపల్లి తాలూకా పాతపాళ్య. వాన మీద ఆధారపడిన చేను, ఉలవ, రాగి, శనక్కాయ. ఆయనకు చెవి సరిగా వినపడదు. కూతురి గొంతు మాత్రం వినపడేది. వెనక బెంచీ దాకా వినపడాలని పెంచుకున్న గొంతు అది.

ఎప్పుడు ఊరికి పోయినా ఆయన ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఇంగా ఏం చదువుతాండావమ్మా?"

"చుక్కల గురించి నాయనా."

"చుక్కల్లో ఏమి?"

"మల్ల చెప్తాలే."

ఆ మల్ల ఎప్పుడూ రాలేదు. ఆయనకు అర్థం కాదని ఆమె అనుకోలేదు. ఆమె బడి చదువు కన్నడంలో సాగింది, కాలేజీ చదువు ఇంగ్లీషులో. తెలుగు ఇంట్లో తిండికి, తిట్లకు, ప్రేమకు సరిపోయింది. అందులో ఆమె ఎన్నడూ భౌతికశాస్త్రం మాట్లాడలేదు. తన పనిని చెప్పుకోవడానికి అమ్మభాషలో ఆమె దగ్గర మాటలు లేవు.

ఆమె పని ఇది. మనం ఉన్న పాలపుంత లాంటి సుడి ఆకారపు నక్షత్ర మండలాలు ఆకాశంలో లెక్కలేనన్ని ఉన్నాయి. పళ్ళెంలాగా పరుచుకుని, చేతులు చాచినట్టు సుడులు తిరిగి ఉంటాయి. వాటిలో నక్షత్రాలతోపాటు వాయువు కూడా ఉంటుంది. అంతా నడిమి చుట్టూ తిరుగుతుంటుంది. అట్లా తిరిగేది ఊరికే నడిమికి పోదు, తన దూరంలోనే తిరుగుతూ ఉంటుంది. అయినా చాలా మండలాల్లో నడిమిన వాయువు గుమిగూడి ఉంటుంది, అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతుంటాయి. ఆ వాయువు అక్కడికి ఎట్లా చేరింది? ఏ దారిన పోయింది? ఆమె కొన్ని మండలాల్లో వాయువు వేగాలు చూపే పటాలు ముందు పెట్టుకుని, ఆ దారి వెతికేది.

ఆ వారమంతా సాయంత్రాలు మేం అనపకాయలు ఒలిచాం. ఒలిచిన గింజలు రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటి వేళ్ళ మధ్య పట్టి నొక్కితే తోలు చేతిలో ఉండి పప్పు గిన్నెలో పడుతుంది. పితికిన పప్పు అంటాం. మా వైపు చలికాలంలో ఆ పని లేని ఇల్లు ఉండదు. ఒక్కరు చేసే పని కాదది. చేతులకు పని ఉంటుంది, నోటికి ఉండదు. అందుకే ఆమె ఆ సమయం పెట్టుకుంది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నేనే నాయన అనుకుని చెప్పేది.

"గాలక్సీ అనొద్దు. చుక్కల గుంపు అంటా."

"సరే."

"గ్యాసు అంటే?"

"సిలిండరు అనుకుంటాడు."

"కడుపులో గ్యాసు అనుకుంటాడు. ముందు దానికి మందు చెప్పమంటాడు." నవ్వింది, నవ్వితే గొంతు పట్టుకుంది, నీళ్ళు తాగింది. "మోడం అంటా. ఆయనకు మోడం కన్నా బాగా తెలిసిందేముండాది?"

మబ్బును మా వైపు మోడం అంటారు. వాన చేను ఉన్నవాడు రోజుకొకసారి తల ఎత్తి చూసేది దాన్నే.

తిరిగేదానికి ఉండే బలానికి మాట దొరకలేదు. కన్నడంలో పాఠ్యపుస్తకం మాట ఉంది, అది నాకే కష్టం. రెండు రోజులు వెతికింది. మూడో సాయంత్రం కాయ ఒలుస్తూ ఒలుస్తూ ఆగి, "ఊపు" అంది. "తిరిగే ఊపు. ఉయ్యాలకు ఉండేది, బండిచక్రానికి ఉండేది. అదే." ఆ సాయంత్రం ఆమె ముఖంలో ఉన్న సంతోషం నాకు బాగా గుర్తుంది. పరీక్ష పాసైనప్పుడు కూడా అంత లేదు.

నేను ఊరికే ఉండలేక, "మనుషులు కూడా అంతే గదా, ఊపు తగ్గితేనే ఇంటికి చేరతారు" అన్నాను. ఆమె గింజ ఒకటి నా మీదికి విసిరింది. "ఇట్లాంటివి కలపొద్దు. మోడం మోడమే. మనుషుల్ని దాంట్లోకి లాగొద్దు." నేను మళ్ళీ కలపలేదు. ఇక్కడ కూడా కలపకుండా రాయడానికి ప్రయత్నం చేస్తున్నాను.

ఆపరేషనుకు ముందటి ఆదివారం పొద్దున చేలూరు మీదుగా పోయే బస్సెక్కి పాతపాళ్యకు బయలుదేరాం. ఉలవ కోతల కాలం. ఊరు దగ్గరికి వచ్చేసరికి తారురోడ్డు మీద ఉలవచెట్లు పరిచి ఉన్నాయి. కళ్ళాలు చేసే ఓపిక ఎవరికీ లేదు, ఎద్దులూ లేవు. రోడ్డు మీద పరిస్తే బస్సులూ లారీలూ తొక్కిపోతాయి, గింజ రాలుతుంది. మా మామ రోడ్డు పక్కన పొడుగాటి కట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. బస్సు చక్రాలు తోసిన చెట్లను మళ్ళీ నడిమికి లాగుతున్నాడు.

డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏమప్పా పెద్దాయనా, సర్కారు రోడ్డు నీ కళ్ళమా?" అన్నాడు.

"తొక్కిపో నాయనా తొక్కిపో. నీకు పుణ్యమొస్తాది."

"పుణ్యం వద్దు, ఉలవచారు పంపు."

"నువ్వు బాగా తొక్కినావో లేదో చూసి పంపుతా."

బస్సులో అందరూ నవ్వారు. నా భార్య నవ్వలేదు, కిటికీలోంచి ఆ కట్టెను చూస్తోంది. చక్రం బయటికి తోస్తుంది, కట్టె లోపలికి లాగుతుంది. "దీన్నే చెప్పొచ్చు గదా" అన్నాను. కాసేపు ఆలోచించింది. "వద్దు. ఆడ కట్టె పట్టుకున్న మనిషి లేడు. ఇది చెప్తే ఆయన ఆ మనిషినే పట్టుకుంటాడు. ఊపు సంగతి వదిలేస్తాడు."

మధ్యాహ్నం సంగటి తిన్న తర్వాత మొదలుపెట్టింది. ఆయన గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆమె ఆయనకు బాగా వినపడే చెవి వైపు జరిగి కూర్చుంది. నేను వాకిట్లో. ఆపరేషను సంగతి ఆయనకు ముందే తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"నాయనా, నేనేం చదువుతాండానో ఇప్పుడు చెప్తా. మల్ల చెప్తాననను."

"చెప్పు."

చుక్కల గుంపు గురించి చెప్పింది, అది తిరగడం గురించి చెప్పింది. అందులో మోడం ఉంటుందని చెప్పింది.

"వాన పడతాదా?"

"పడదు నాయనా. ఆ మోడంలో నీళ్ళుండవు. అది గట్టిపడితే చుక్కలు పుడతాయి."

ఆయన దాన్ని ఒప్పుకున్నాడు. మోడంలోంచి ఏదో ఒకటి పుట్టడం ఆయనకు వింతగా అనిపించలేదు. ఆ మోడం నడిమికి పోతుందనేసరికి మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది కాదమ్మా. ఇసురురాయి చూల్లేదా నువ్వు? మీ అమ్మ రాగులు ఇసురుతాంటే చూసినావు గదా. నడిమి కంతలో గింజ పోస్తే పిండి యాడికి వస్తాది? అంచుకొస్తాది. తిరిగేదేదైనా బయటికే తోస్తాది. నువ్వు తల్లకిందులు చెప్తాండావు."

నేను భయపడ్డాను, ఇక ఇక్కడ ఆగిపోతుందని. ఆమె ముఖం వెలిగింది.

"అదే నాయనా. నా చదువంతా ఆ ప్రశ్నే."

"ప్రశ్నా? నేను జవాబు చెప్తాండా."

"జవాబు తప్పు, ప్రశ్న సరి."

"మేష్ట్రూ, చూడప్పా, కన్నతండ్రికి మార్కులేస్తాండాది" అన్నాడు నాతో. నేను, "నాకు రోజూ వేస్తాది మామా" అన్నాను.

ఆమె మమ్మల్ని పట్టించుకోలేదు. "ఇసురురాయి గింజను తోస్తాది గదా. తోసేకొద్దీ గింజకు ఊపు వస్తాది. ఊపొస్తే బయటికి పోతాది. మరి ఊపు తీసేస్తే?"

"తీసేస్తే యాడిదాడ నిలుస్తాది."

"ఇసురురాయిలో నిలుస్తాది. చుక్కల గుంపులో అట్ల నిలవదు, నడిమి లాగుతాంటాది, భూమి మనల్ని లాగినట్ల. ఊపు ఉన్నంతసేపు పడకుండా చుట్టూ తిరుగుతాది. ఊపు తగ్గితే లోపలికి జారుతాది."

"ఊపు తగ్గించేదెవరు?"

"ఎవరూ ఉండరు. మోడానికి మోడమే తగులుతాది. చుక్కలు తగలవు, శానా ఎడంగా ఉంటాయి, ఒకదాని పక్కన ఒకటి పోయినా తగలవు. మోడం పరుచుకోని ఉంటాది. ఇంగొక మోడం ఎదురైతే తప్పుకునే దారి ఉండదు."

గొంతు బొంగురుపోయింది. నీళ్ళు తాగింది. ఆయన, "చాలమ్మా, నొప్పి పెడ్తాదేమో" అన్నాడు.

"చాలదు నాయనా. అసలుది ఇప్పుడే వస్తాండాది."

ఆమె తల పైకెత్తి ఇంటి దూలం చూపించింది. చాలా గుంపుల్లో నడిమిన చుక్కలన్నీ చేరి ఇట్లా పొడుగ్గా దూలం మాదిరి ఉంటాయని, ఆ దూలం మొత్తం ఒక్కటిగా తిరుగుతుందని చెప్పింది. మోడం దూలం కన్నా వడిగా తిరుగుతుంది. వచ్చి దూలం ముందు అంచులో గుమిగూడుతుంది. ఒకదాని మీద ఒకటి పడి నలుగుతుంది. దూలం దాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. మోడం ఊపు దూలానికి పోతుంది. ఊపు పోయిన మోడం ఆ అంచు వెంటే లోపలికి జారుతుంది. ఫోటోల్లో అక్కడ నల్లటి గీత కనిపిస్తుంది.

ఆయన చాలాసేపు దూలాన్నే చూశాడు.

"ఊపు యాడికీ పోలేదు. దూలానికి పోయింది."

"అవును నాయనా."

"నడిమికి పోయినాక?"

"అంతా పోదు. నడిమికి కొంచెం ముందర చుట్టుకోని నిలబడుతాది. ఆడ కొత్త చుక్కలు పుడతాయి. అట్నుంచి లోపలికి కొంచెం పోతాది. ఎట్ల పోతాదో ఎవరికీ బాగా తెలీదు."

"నీకూ తెలీదా?"

"నాకూ తెలీదు."

"అట్లయితే ఇంగా చదవాల్సిందే" అన్నాడు. ఆమె చేతిలో ఖాళీ చెంబు తీసుకుని, లోపలికి పోయి మళ్ళీ నీళ్ళు ముంచుకొచ్చాడు. సాయంత్రం బస్సులో ఆమె నా భుజం మీద నిద్రపోయింది.

ఆపరేషను తర్వాత ఆమెకు గుసగుస మాత్రమే మిగిలింది. పక్కన కూర్చుంటే వినపడేది. కాలేజీలో పాఠం చెప్పడం కుదరలేదు, ఇంట్లో ఉండి పటాలు చూసేది. వాళ్ళ నాయన రోజూ దీపాలు పెట్టే వేళకు ఫోన్ చేసేవాడు. ఆమె మాట ఆయనకు ఫోనులో అసలు వినపడదు. అందుకని నేను మధ్యలో ఉన్నాను. ఆమె నా చెవిలో చెప్పేది, నేను ఫోనులో గట్టిగా చెప్పేవాణ్ణి. పక్కింటివాళ్ళకు మా సంగతులన్నీ తెలిసేవి.

మొదట్లో నేను సొంత మాటలు చేరిస్తే ఇద్దరూ పట్టుకునేవారు. ఆమె "బాగుండాను" అంటే నేను "శానా బాగుంది మామా, ఏమీ దిగులు పెట్టుకోవద్దు" అనేవాణ్ణి. ఆమె మోచేతి మీద తట్టేది. అవతల ఆయన, "నువ్వు చెప్పేది మల్ల చెప్పప్పా. ముందు పాప చెప్పింది పాప చెప్పినట్ల చెప్పు" అనేవాడు. కొన్నాళ్ళకు నాకు అలవాటైంది. ఆమె ఎంత అంటే అంతే అనేవాణ్ణి. నా వయసులో ఒక మనిషి మాట తీరు నేర్చుకున్నాను, అది నా మంచి చదువుల్లో ఒకటి.

ఆయనకు ప్రశ్నలు వస్తుండేవి. చేనులో పని చేసుకుంటూ ఆలోచించేవాడేమో, సాయంత్రానికి ఒకటి తయారుగా ఉండేది. దూలం లేని గుంపుల్లో మోడం ఏం చేస్తుంది? సుడి చేతులు కూడా కొంచెం ఆ పని చేస్తాయని, మెల్లగా చేస్తాయని ఆమె చెప్పింది. ఊపు తీసుకుని తీసుకుని దూలం ఏమైపోతుంది? అది తేలని సంగతి అని చెప్పింది. ఒకరోజు, "మీ మోడం ఎట్లుండాది?" అని అడిగాడు, దూడ ఎట్లుందని అడిగినట్టు.

ఆ రోజుల్లో ఆమె ఒక నక్షత్ర మండలంతో తిప్పలు పడుతోంది. అది మనకు వాలుగా కనిపిస్తుంది. ఏ అంచు మనకు దగ్గరో, ఏది దూరమో ముందు తేల్చుకోవాలి. అది తారుమారైతే లోపలికి పోయే వాయువు బయటికి పోతున్నట్టు లెక్క వస్తుంది. ఆమె తారుమారు చేసింది. నెల రోజులు వాయువును బయటికి పంపి, తర్వాత కనుక్కుంది. ఇది నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

అవతల పెద్ద నవ్వు. "చూసినావా! ఇసురురాయి! నేను చెప్పిందే సరి."

ఆమె గుసగుసగా అంది, నేను గట్టిగా అన్నాను: "ఆ నెల మాత్రమే నాయనా."

నాయనా అనే మాట కూడా అట్లాగే చెప్పేవాణ్ణి. మామా అని మార్చేవాణ్ణి కాదు.

రెండేళ్ళు గడిచాయి. గడ్డ మళ్ళీ వచ్చింది, ఈసారి తీయడానికి వీలు కాలేదు. వానలు మొదలయ్యే ముందు ఆమె చనిపోయింది. పరిశోధన పూర్తి కాలేదు. చేసినంత వరకు ఆమె గైడుకు అందజేశాను. చూడవచ్చినవాళ్ళలో కొందరు ఆమె ఆకాశంలో చుక్కయిందన్నారు. మంచి మనసుతోనే అన్నారు. చుక్కలు ఎట్లా పుడతాయో ఆమె ఎప్పుడో చెప్పి ఉంది, అందుకని మా మామ గానీ నేను గానీ ఆ మాటకు తల ఊపలేదు. కర్మలు అయ్యేదాకా ఆయన చింతామణిలోనే ఉన్నాడు. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అన్నం తిను" అన్నాడు.

కొన్ని నెలలు ఫోన్లు తగ్గాయి. ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మోగింది.

"మేష్ట్రూ, ఒకటి అడుగుతా. మోడమంతా లోపలికి పోతాంటే, బయట ఖాళీ అయిపోదా?"

నేను పక్కకు తిరిగాను. ఆమె కూర్చునే వైపుకు. అలవాటు కొద్దీ తిరిగాను.

"రేపు చెప్తా మామా" అన్నాను.

ఆమె పుస్తకాలు అలమరలో ఉన్నాయి. నాకు అర్థమయ్యేవి కొన్నే. మరునాడంతా బడిలో ఖాళీ ఉన్నప్పుడల్లా చదివాను. సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"బయటినుంచి కొత్త మోడం మెల్లగా వచ్చి చేరుతుందంట మామా. రావడం ఆగిపోతే ఉన్న చుక్కలు ఉంటాయంట, కొత్తవి పుట్టవంట."

ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత, "పుస్తకంలో చూసి చెప్పినావు గదా" అన్నాడు.

"అవును మామా."

"పాప అయితే 'అంట' అనదు."

"అనదు."

"బాగనే చెప్పినావులేప్పా" అన్నాడు. "నీకు శ్రమ ఇచ్చినా."

శ్రమ కాదు మామా అన్నాను. అది నిజం. ఇంకొక ప్రశ్న అడుగుతాడని చాలా రోజులు ఎదురుచూశాను. అలమరలోంచి పుస్తకాలు తీసి మంచం పక్కన పెట్టుకున్నాను కూడా. ఆయన అడగలేదు. జవాబులో కూతురు లేదని ఒకసారి తెలిసిన తర్వాత, అడగడానికి ఆయనకు మనసు రాలేదనుకుంటాను. నేను కూడా తవ్వలేదు.

ఫోన్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఉలవ ఎంత వచ్చిందో చెప్తాడు. మోకాలు నొప్పి చెప్తాడు. నేను అన్నం ఏమి వండుకున్నానో అడుగుతాడు, వండుకోకపోయినా ఏదో ఒకటి చెప్తాను, అది ఆయనకు తెలిసిపోతుంది. నేను మాట్లాడేవన్నీ నా మాటలే. ఫోనులో ఇప్పుడు నేను ఎవరినీ నాయనా అని పిలవడం లేదు.